చిట్టాలో ఆయన పేరు

కాలం గడిస్తే పగ చల్లారుతుందని అంటారు. నా విషయంలో కాలం గడిచింది గాని పగ చల్లారలేదు. బిలాస్‌పూర్‌లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన ఒక పెద్దమనిషి మీద నాకు పగ. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు, ఎదురుపడితే నవ్వుతూనే పలకరించేవాడు. నేను చేసిన పని కింద తన పేరు రాయించుకున్నాడు, అంతే. అంతే కదా అని ఎవరైనా అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

మాది రైల్వే కుటుంబం. తాత శ్రీకాకుళం వైపు నుంచి లైను పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న గూడ్స్ బండి గార్డు. ఇంట్లో తెలుగు, గడప దాటితే హిందీ. నేను భోపాల్‌లో కంప్యూటర్ చదువు చదివి, తొంభైల మధ్యలో ఇంటికి తిరిగొచ్చి, సదర్ బజార్‌లో ఒక బట్టల కొట్టు పైన ఉన్న ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పడానికి చేరాను. యజమాని తెలుగువాడే. వాళ్ళ నాన్న బొగ్గు గనుల్లో ఆఫీసరుగా వచ్చినాయన. వినాయక చవితి పందిట్లో, ఉగాది సభల్లో చిన్నప్పటి నుంచి చూసిన మనిషి కాబట్టి ఆయన్ని అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక నేనే కొరుక్కోవాలనిపిస్తుంది. కానీ అలవాటైన పిలుపు మారదు, ఇక్కడ కూడా అన్నయ్య అనే రాస్తున్నాను.

నేను చేసిన పని ఏమిటో చెప్పాలి కదా. మనం ప్రోగ్రాం రాసే భాష కంప్యూటర్‌కి రాదు, దానికి వచ్చిన భాషలో మనం రాయలేం. మధ్యలో దుబాసీ పని చేసేది కంపైలర్. దుబాసీ సరిగ్గా చెప్పినంతకాలం అదొకటుందని ఎవరికీ గుర్తుండదు. ఒక మాట తప్పు చెప్పిందంటే మాత్రం, ప్రోగ్రాం రాసినవాళ్ళు తప్పు తమదేననుకుని జుట్టు పీక్కుంటారు. మా ఇన్‌స్టిట్యూట్‌లో వాడే కంపైలర్ ఉచితంగా దొరికేది. దాని లోపలి రాతంతా ఎవరైనా చదవచ్చు, తప్పుంటే దిద్ది పంపచ్చు. ఏయే దేశాల్లోనో ఉన్నవాళ్ళు తమ తమ ఉద్యోగాలు చూసుకుని, మిగిలిన తీరికలో దాన్ని బాగుచేస్తూ ఉండేవాళ్ళు. కొనక్కర్లేదు కదా అని అన్నయ్య ఢిల్లీ వెళ్ళినప్పుడు సీడీలో తెచ్చి పెట్టాడు.

మా దగ్గరున్నవి పాత రకం మెషీన్లు. వాటి కోసం కంపైలర్‌లో విడిగా ఉన్న భాగాన్ని చాలాకాలంగా ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు క్లాసులో ఒకమ్మాయి రాసిన ప్రోగ్రాం ఎటు తిప్పి చూసినా సరిగ్గానే ఉంది, జవాబు మాత్రం తప్పు వస్తోంది. వెతగ్గా వెతగ్గా ఆ తప్పు కంపైలర్ లోపల దొరికింది. నచ్చని పెళ్ళిసంబంధం తప్పిపోయినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు. దిద్దాను. తిరిగి చేస్తే జవాబు సరిగ్గా వచ్చింది. ఇక అదే నాకు వ్యసనమైపోయింది.

గొప్ప పనేమీ కాదు. పాత ఇంటికి కన్నాలు పూడ్చుకోవడం లాంటిది. తప్పు ఒక లైన్లో ఉంటే కంపైలర్ దాని కింది లైను చూపించేది, అది సరిచేశాను. సున్నాకంటే తక్కువ సంఖ్యని భాగిస్తే శేషం తప్పు వచ్చేది, అదీ సరిచేశాను. పిల్లల్ని ఊరికే బెదరగొట్టే హెచ్చరికలు కొన్ని తీసేశాను. అయితే ఈ పనికి కొన్ని ఆచారాలున్నాయి, మడి కట్టుకున్నంత నిష్ఠగా పాటిస్తారు. బగ్, అంటే తప్పు, ఉందని చెప్పాలంటే ఆ బగ్ బయటపడే అతి చిన్న ప్రోగ్రాం రాసి చూపించాలి. దిద్ది పంపితే, దిద్దకముందు తప్పి దిద్దాక నెగ్గే పరీక్ష ప్రోగ్రాం ఒకటి జతచెయ్యాలి. అది లేకుండా ఎంతటివాడు పంపినా మార్పు తీసుకోరు. తీసుకున్నాక, ఏం మారింది, ఎవరు మార్చారు అని మార్పుల చిట్టాలో ఒక వాక్యం రాస్తారు. ఈ పనికి జీతం లేదు, భత్యం లేదు. ఆ వాక్యంలో పడే పేరే మొత్తం ప్రతిఫలం. నా పేరు అందులో చూసుకోవాలని నాకు ఆశ. చిన్న ఆశే గాని, ఉన్నది ఆ ఒక్కటే.

అప్పట్లో మా ఊళ్ళో ఈమెయిల్ అందరికీ ఉండేది కాదు. ఇన్‌స్టిట్యూట్ మొత్తానికి ఒకటే ఎకౌంటు, అది అన్నయ్య పేరు మీద. పాస్‌వర్డ్ ఆయన ఒక్కడికే తెలుసు. నేను మెయిలు ఫ్లాపీలో రాసి ఇస్తే, సాయంత్రం ఆయన తన గదిలో కూర్చుని ఫోను కలిపి పంపేవాడు. జవాబు వస్తే ప్రింటు తీసి, నాకు కావలసిన ముక్క చింపి ఇచ్చేవాడు. మిగతాది ఎందుకివ్వడని నేనెప్పుడూ అనుకోలేదు. ప్రతి మెయిలు కింద ఇంటిపేరుతో సహా నా పేరు రాసేదాన్ని. మెయిలు ఎవరి పేరు మీద వెళ్తే చిట్టాలో వాళ్ళ పేరే వేసేస్తారేమో, ఇది ఫలానా అమ్మాయి పని అని పైన ఒక మాట రాయండి అన్నయ్యా అని ఒకటికి రెండుసార్లు అడిగాను కూడా. అచ్ఛా, రాస్తాలే చెల్లెమ్మా అన్నాడు.

ఆ పనుల్లో ఒకటి మాత్రం నిజంగా గొప్పది. నా నోటితో నేనే చెప్పుకుంటున్నాను, ఇంకెవరూ చెప్పరు కాబట్టి. కంప్యూటర్ లెక్క చేసేటప్పుడు అంకెలు పెట్టుకోవడానికి దాని చేతికందే చోట్లు కొన్నే ఉంటాయి. అంకెలు ఎక్కువైతే కొన్నిటిని పక్కన పెట్టి, అవసరమైనప్పుడు వెనక్కి తేవాలి. దేన్ని పక్కన పెట్టాలో తేల్చాల్సింది కంపైలరే. నాన్న గూడ్స్ బండిని కర్గీ రోడ్ స్టేషన్ దగ్గర పక్కనున్న లూప్ లైన్లో పెట్టి ఎక్స్‌ప్రెస్‌కి దారి ఇచ్చేవాళ్ళు, అచ్చం అలాగే. మా కంపైలర్ ఒక్కోసారి అంకెని లూప్‌లో పెట్టి అక్కడే మరిచిపోయేది. ఏది తొందరగా కావాలో చూసుకోకుండా దేన్నిబడితే దాన్ని పక్కకి నెట్టేసేది. దసరా సెలవుల్లో నేను ఆ ముక్కంతా తీసేసి కొత్తగా రాశాను. పాతదాంట్లో సగం కూడా లేదు. చదువుతుంటే ఎక్కడా కాలికి రాయి తగలదు. ఏ మాట ఎందుకుందో చూడగానే తెలుస్తుంది. మళ్ళీ అలాంటిది నేను రాయలేదు, రాయగలనని కూడా అనుకోను.

అది పంపిన కొద్ది రోజులకి అన్నయ్య పని మీద నాగపూర్ వెళ్ళాడు. వెళ్ళే తొందరలో జవాబు కాగితం చింపకుండా ప్రింటర్‌లోనే వదిలేశాడు. రాసింది ఆ కంపైలర్‌కంతటికీ పెద్దదిక్కుగా ఉన్న ఒక విదేశీ పెద్దాయన. ఆ రోజుల్లో జవాబిచ్చేవాళ్ళు మనం రాసిందంతా మళ్ళీ ఎత్తి పెట్టి, దాని కింద తమ మాట రాసేవాళ్ళు. అందువల్ల నా మెయిలు వాళ్ళకి ఎలా చేరిందో నాకు కనిపించింది. అంతా నేను రాసిందే, ఒక్క కామా కూడా మారలేదు. చివర ఉండాల్సిన నా పేరు లేదు. అక్కడ అన్నయ్య పేరుంది. దాని కింద పెద్దాయన, ఇంత శుభ్రమైన పని ఈ మధ్య చూడలేదనీ, ఈ మెషీన్ భాగానికి ఇక మీరే బాధ్యులుగా ఉండాలనీ, మీ పేరు బాధ్యుల వరసలో చేర్చేశాననీ రాశాడు.

వెంటనే కోపం రాలేదు. ముందు సిగ్గేసింది, నేనే ఏదో దొంగిలించి దొరికిపోయినట్టు. కోపం సైకిలెక్కి ఇంటికొస్తుంటే దారిలో వచ్చింది. వచ్చినది ఇంక పోలేదు.

కార్తీకమాసంలో తెలుగువాళ్ళం అందరం వనభోజనాలకి వెళ్ళడం ఆనవాయితీ. ఆ ఏడు అర్పా నది ఒడ్డున ఒక తోటలో పెట్టారు. పులిహోర, దద్దోజనం అయ్యాక పిల్లలు అంత్యాక్షరి పాడతారు, మగవాళ్ళు పేకాట వేసుకుంటారు. ఆసారి వాటికంటే ముందు ఒక సన్మానం. దేశదేశాలవాళ్ళు వాడే కంపైలర్‌కి మన బిలాస్‌పూర్ తెలుగువాడు బాధ్యుడయ్యాడని మైకులో చెప్పి, ఉసిరిచెట్టు కింద కుర్చీ వేసి అన్నయ్యకి శాలువా కప్పారు. ఆయన చేతులు జోడించి, ఇది నా ఒక్కడి గొప్పతనం కాదు, నా టీమంతా సహకరించారు అన్నాడు. ఆ టీము చాప మీద కూర్చుని అరటిపండు ఒలుస్తోంది.

నా పక్కన మా అమ్మ చప్పట్లు కొడుతోంది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, చెవిలో సంగతంతా చెప్పాను. అమ్మకి కంపైలర్ అంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. కాసేపు ఆ కుర్చీ వైపు చూసింది.

"అయితే ఆ శాలువా నీది కదేటే?" అంది.

అవునన్నాను.

"సొమ్మొకడిది, సోకొకడిది. మరి ఊరుకుంటావేటి?"

మా ఇంట్లో పగ అమ్మ వైపు నుంచి వచ్చింది. మా అమ్మమ్మ ఒక చింతచెట్టు వాటా గురించి గొడవపడి, బతికున్నంతకాలం సొంత అన్నగారి ఇంట్లో మంచినీళ్ళు ముట్టలేదు. ఆ చెట్టు గాలివానకి పడిపోయిన తరవాత కూడా ముట్టలేదు.

మర్నాడు వెళ్ళి అన్నయ్యని అడిగాను. ఆయన కుర్చీ చూపించి చాలా ఓపిగ్గా మాట్లాడాడు. మెషీను తనది, ఫోను తనది, ఎకౌంటు తనది. తన దగ్గర పనిచేస్తూ చేసిందేదైనా ఇన్‌స్టిట్యూట్‌దే అవుతుంది, ఇన్‌స్టిట్యూట్ అంటే తనే. పైగా నేను ఆడపిల్లని, రేపు పెళ్ళయి ఎటో వెళ్ళిపోతాను, ఈ బాధ్యతంతా ఎవరు మోస్తారు.

"ఎవరి పేరైతే ఏంటమ్మా, పని జరగాలి గాని" అన్నాడు.

ఎవరి పేరైనా ఒకటే అయితే నా పేరు ఎందుకు తీసేశారని అడిగాను. ఫోను తీసి ఎవరితోనో మాట్లాడ్డం మొదలుపెట్టి, పెట్టేసి, రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు.

నాన్నకి గొడవలు పడవు. పరాయి రాష్ట్రంలో మనవాళ్ళు నలుగురే ఉంటారు, వాళ్ళతో పేచీ పెట్టుకుంటే కష్టానికి ఎవరొస్తారు అన్నది ఆయన వాదన. పోన్లేమ్మా, మనోడే కదా అన్నాడు. పరాయివాడు చేసుంటే నేనూ పోనిచ్చేదాన్నేమో.

రైల్వే కాలనీ దగ్గర ఒక స్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరాను. అక్కడా ఆ పాత రకం మెషీన్లే, కాబట్టి కంపైలర్ నా చేతిలోనే ఉంది. ఈలోగా సదర్ బజార్‌లో ఎస్టీడీ బూతు నడిపే ఆయన గిరాకీ కోసం ఒక కంప్యూటర్ తెచ్చి ఇంటర్నెట్ పెట్టాడు. మొట్టమొదటిసారి నా పేరు మీద ఎకౌంటు తెరిచి, మొదటి మెయిలు పెద్దాయనకే రాశాను. జరిగిందంతా చెప్పాను. ఆయన మర్యాదగానే జవాబిచ్చాడు. మీ ఇద్దరిలో ఎవరినీ నేనెరగను, మెయిలు మీద ఉన్న పేరు తప్ప నా దగ్గర వేరే సాక్ష్యం లేదు, ఇలాంటి తగువు తీర్చడం నా వల్ల కాదు అన్నాడు. ఆ భాగంలో మీకు బగ్‌లేమైనా కనిపిస్తే తప్పకుండా పంపండి, బాధ్యులు చూసుకుంటారు అని ముగించాడు.

ఆ చివరి మాట చదివి, ఎస్టీడీ బూతులో కూర్చున్నదాన్ని పైకే నవ్వాను.

ఆ భాగంలో బగ్‌లు ఎక్కడెక్కడ నక్కి ఉన్నాయో లోకంలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. దిద్దినవాటికంటే దిద్దాల్సినవే ఎక్కువ. తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటే చూద్దామని మనసులో పెట్టుకున్నవన్నీ ఇప్పుడు బయటికి తీశాను. ఒక్కటీ అబద్ధం కాదు, లేని తప్పు దేనికీ అంటగట్టలేదు. బగ్ బయటపడే ప్రోగ్రాం రాసి, దాన్ని చెక్కుతూ పోయేదాన్ని. ఇంకొక్క మాట తీసేస్తే బగ్ కనబడదు అన్నంతవరకు చెక్కేదాన్ని. అంత చిన్న ప్రోగ్రాంని అర్థం కాలేదనడానికి ఎవరికీ మొహం చెల్లదు. ఈ మెయిళ్ళన్నీ మెయిలింగ్ లిస్టులో బహిరంగంగా పడతాయి, దేశదేశాలవాళ్ళూ చదువుతారు. ప్రతిదీ బాధ్యులు గారికి నమస్కారంతో మొదలుపెట్టి, వారి సలహా కోసం ఎదురుచూస్తుంటానని ముగించేదాన్ని. కింద ఇంటిపేరుతో సహా నా పేరు.

మొదటిదానికి అన్నయ్య, చూస్తున్నాను అని జవాబిచ్చాడు. రెండోదానికీ అదే మాట. ఆ తరవాత ఇన్‌స్టిట్యూట్‌లో పని ఒత్తిడి ఎక్కువగా ఉందన్నాడు. ఒకటి అరక్కముందే నేను ఇంకొకటి వడ్డించాను. చివరికి ఎవరి చేతో ఒక మార్పు రాయించి పంపాడు. పరీక్ష జతచెయ్యలేదేమండీ అని పెద్దాయన తిప్పి పంపాడు. పరీక్ష జతచేసి మళ్ళీ పంపాడు. ఈసారి కొత్త పరీక్ష నెగ్గింది గాని పాత పరీక్షలు తప్పాయి. ఆ పాత పరీక్షలు ఎవరు రాసినవి? నేను ఫ్లాపీలో పెట్టి ఇస్తే ఆయన తన పేరు మీద పంపినవి. మీరు రాసిన పరీక్షలే మీ మార్పుని ఒప్పుకోవడం లేదే, మరిచిపోయారా అని ఎవరో అమాయకంగా అడిగారు. ఆ మెయిలు నేను ప్రింటు తీయించుకున్నాను. వృథా ఖర్చు నాకు అలవాటు లేదు, కానీ అది కావాలనిపించింది.

ఆదివారం ఆదివారం ఆ వారం వచ్చినవన్నీ చదువుకుని ఇంటికొచ్చి, అమ్మకి తెలుగులో చెప్పేదాన్ని. అమ్మ బఠాణీలు ఒలుస్తూ వినేది. నాన్న పేపరు అడ్డం పెట్టుకుని విననట్టు వినేవాడు. మార్పు తిరిగొచ్చిన సంగతి చెప్పిన రోజు అమ్మ ఒలవడం ఆపి మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను.

"ఇంకా ఉన్నాయేటే నీ దగ్గర?"

చాలా ఉన్నాయన్నాను.

"అన్నీ ఒకేపాలి పంపీకు. నిమ్మళంగా పంపు."

మనిషిని అలా ఏడిపించడం బాగుందా అని పేపరు వెనక నుంచి నాన్న అన్నాడు. బాగుంది. చాలా బాగుంది. కుక్కకాటుకి చెప్పుదెబ్బ పడితే దెబ్బ కొట్టినవాళ్ళకి ఎంత హాయిగా ఉంటుందో పెద్దలు ఎక్కడా చెప్పలేదు, పాపం.

ఎండలు ముదురుతుండగా ఒక ఆదివారం అన్నయ్య మా క్వార్టర్‌కి వచ్చాడు. స్కూటరు గేటు బయట ఆపి, మిఠాయి డబ్బా చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు. నాన్న లేచి కుర్చీ వేశాడు. అమ్మ మంచినీళ్ళు ఇచ్చింది, టీ పెట్టలేదు. మా ఇళ్ళలో దాని అర్థం అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు.

చాలాసేపు నాన్నతో డ్యూటీల గురించి, ఎండల గురించి మాట్లాడి, అప్పుడు నా వైపు తిరిగాడు. కంపైలర్ కొత్త విడుదల ఆయన భాగం కోసం ఆగిపోయి ఉంది. ఆ బగ్‌లన్నీ దిద్దకపోతే ఆ మెషీన్ భాగాన్నే మొత్తంగా తీసేస్తామని పెద్దాయన లిస్టులో రాశాడు. ఆ సంగతి నాకు తెలుసు, నేనూ చదివాను. ఆయన కంపైలర్‌కి బాధ్యుడన్న కారణంతోనే ఒక ఆఫీసువాళ్ళు పెద్ద పని అప్పజెప్పారట. ఇప్పుడు పరువు పోతే ఆ పని పోతుంది, ఇన్‌స్టిట్యూట్ పోతుంది. నన్ను మళ్ళీ రమ్మన్నాడు. ఉద్యోగిగా కాదు, భాగస్వామిగా. బోర్డు మీద పేరు వేయిస్తానన్నాడు.

నాకు బోర్డు వద్దన్నాను. లిస్టులో ఒక్క వాక్యం రాస్తే చాలు, ఇంతకాలం నా పేరు మీద వచ్చిన పని ఈ అమ్మాయిది అని. రాసిన రోజు సాయంత్రానికి బగ్‌లన్నీ దిద్ది పంపిస్తాను.

"అది తప్ప ఇంకేదైనా అడుగమ్మా" అన్నాడు.

"నాకు అదే కావాలి అన్నయ్యా."

ఆయన నాన్న వైపు తిరిగి, బాబాయ్ మీరైనా చెప్పండి అన్నాడు. నాన్న మెడ మీద తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. నాన్న ఆయన పక్షాన మాట్లాడతాడనే నేననుకున్నాను.

"రాసీరాదేటి బాబూ. ఒక్క ముక్కే కదా" అన్నాడు.

అన్నయ్య మొహం నల్లబడింది. లేచి నిలబడి, ఆడపిల్లకి ఇంత పగ పనికిరాదన్నాడు. ఎవరి పగైతే ఏంటన్నయ్యా, పని జరుగుతోంది కదా అన్నాను. ఈ మాట నేను ఎన్నాళ్ళుగానో దాచుకుని పెట్టుకున్నాను, నోట్లోంచి వస్తుంటే బెల్లంముక్కలా ఉంది. ఆయన గేటు దాటాక అమ్మ మిఠాయి డబ్బా పట్టుకెళ్ళి స్కూటరు మీద పెట్టి, మరిచిపోయారు బాబూ అని చెప్పి వచ్చింది.

వారం తిరక్కుండా ఆయన లిస్టులో రాశాడు. పని ఒత్తిడి వల్ల బాధ్యత నుంచి తప్పుకుంటున్నాను, ఇంతకాలం ఆదరించినందుకు ధన్యవాదాలు. నా గురించి ఒక్క ముక్క లేదు. మర్నాడు సాయంత్రం నేను నా బగ్‌లన్నిటికీ దిద్దుబాట్లు, పరీక్షలతో సహా, వరసపెట్టి పంపాను. ఎప్పుడో తయారుచేసి పెట్టుకున్నవే. పెద్దాయన రెండోమాట లేకుండా బాధ్యుల వరసలో అన్నయ్య పేరు తీసి నా పేరు పెట్టాడు. విడుదలైన కొత్త చిట్టాలో నా పేరు కింద నా పేరు, దాని కింద మళ్ళీ నా పేరు. మరుసటేడు ఇన్‌స్టిట్యూట్ మూతపడింది. నా వల్లేనని మనవాళ్ళలో కొందరు అన్నారు. కాదని నేనెవరికీ చెప్పలేదు.

ఇక్కడితో అయిపోవాలి. అవలేదు. చిట్టా కొత్త పేజీల్లో నేనున్నాను గాని, పాత పేజీల్లో ఇంకా అన్నయ్యే ఉన్నాడు. వాటిని సరిచెయ్యమని పెద్దాయనకి రాశాను. ఇప్పుడు నా పని ఆయనకి తెలుసు, నమ్మాడు కూడా. కానీ రాసేసిన చిట్టాని వెనక్కి వెళ్ళి మార్చే ఆచారం లేదన్నాడు. ఒకరి కోసం మారిస్తే రేపు ఇంకొకరి కోసం మార్చాలి, అప్పుడు చిట్టాని ఎవరు నమ్ముతారు అన్నాడు. ఆ మాట సబబే, నాకూ తెలుసు. సబబైన మాట మీద కోపం ఇంకా ఎక్కువ వస్తుంది.

సరే, చిట్టా మార్చరు. చిట్టాలో చెప్పిన రాతని మార్చచ్చు కదా. అన్నయ్య పేరు మీద వెళ్ళిన నా ముక్కలన్నీ ఒక్కొక్కటే తీసేసి, వాటి స్థానంలో నా పేరు మీద కొత్తవి రాయాలని పట్టు పట్టాను. అప్పుడు ఆయన పేరు చిట్టాలో ఉంటుంది గాని, ఆయన పేరున్న పని కంపైలర్‌లో ఎక్కడా ఉండదు, తద్దినం తిథి తప్ప మనిషి మిగలనట్టు. దీనికీ ఆచారం ఒకటి అడ్డొస్తుంది: పాతదాంట్లో తప్పున్నట్టు పరీక్ష చూపిస్తే తప్ప మార్చకూడదు. చూపించాను. అవి తొలిరోజుల్లో రాసినవి, తొందరపాటు ఉంది, లోపాలు ఉన్నాయి. సొంత రాతలో తప్పులు వెతకడం ఎవరికైనా బాధే. నేను మాత్రం శత్రువు ఇల్లు సోదా చేస్తున్నట్టు వెతికాను. దొరికినప్పుడల్లా పండగ చేసుకున్నాను. లైను నంబరు ముక్క పోయింది. శేషం ముక్క పోయింది. హెచ్చరికలు పోయాయి. నాన్న రిటైరై, క్వార్టర్ ఖాళీ చేసి, ఊళ్ళోనే మంగ్లాలో అద్దె ఇంట్లో చేరేసరికి అన్నీ పోయాయి, ఒక్కటి తప్ప.

ఆ లూప్ లైన్ ముక్క. దసరా సెలవుల్లో రాసింది. దానికి ఎదురుగా ఎన్ని పరీక్షలు రాశానో చెప్తే నవ్విపోతారు. పిచ్చి పిచ్చి ప్రోగ్రాంలు, ఏ మనిషీ రాయనివి, అంకెల మీద అంకెలు గుట్టలు పోసి దాని మీదికి తోలాను. అన్నిటికీ సరిగ్గానే జవాబిచ్చింది. కొత్త రకం మెషీన్లు వచ్చాయి, వాటికీ అదే పనికొచ్చింది. ఇంకా బాగా రాద్దామని కూర్చున్న ప్రతిసారీ, రాసి రాసి చివరికి మళ్ళీ అదే రాసేదాన్ని. నేను దాన్ని మరీ బాగా రాసేశాను. కంపైలర్‌లోకెల్లా నా మంచి పని ఏదంటే అదే, దాని మీద ఆయన పేరే ఉంది. ఎవరి మీద కక్ష తీర్చుకోవాలన్నా దారి ఉంటుంది, ఆ వయసులో నా చేతికి అంత ఒడుపున్నందుకు ఎవరి మీద తీర్చుకోను?

కొన్నేళ్ళ తరవాత నాకొక మెయిలు వచ్చింది. కంపైలర్ పనిలో కొత్తగా చేరిన ఒకావిడ, ఏ దేశమో గుర్తులేదు, బాధ్యురాలిని కాబట్టి నాకు రాసింది. ఆ ముక్క చదివిందట. ఈ పని ఎలా చెయ్యాలో దాన్ని చూసే నేర్చుకుందట. రాసినాయన పేరు చిట్టాలో చూసింది, చిరునామా తెలియలేదు, ఇస్తే కృతజ్ఞతలు చెప్పుకుంటానంది.

ఆవిడకి అది నాదేనని రాయచ్చు. ఒకసారి రాసి చూశాను, మెయిలు మీద ఉన్న పేరు తప్ప సాక్ష్యం లేదన్నారు. రెండోసారి ఆ మాట పడే ఓపిక నాకు లేదు. అన్నయ్య చిరునామా ఇవ్వచ్చు. ఆయన రాయ్‌పూర్ వెళ్ళిపోయాడు, పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఇప్పటికీ చెల్లెమ్మా అంటాడు. ఇస్తే ఆవిడ కృతజ్ఞతలు కూడా నవ్వుతూ తీసుకుంటాడు. నాకు ఏడుపొచ్చింది, వంటింట్లో అమ్మకి వినబడకుండా ముక్కు చీదుకున్నాను.

చివరికి ఇలా రాశాను. ఆయనకి కృతజ్ఞతలు అక్కర్లేదు. మీకు తీరికుంటే ఆ ముక్కలో ఒక్క తప్పు పట్టి నాకు పంపండి. ఎంత చిన్నదైనా చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

ఆవిడ పాపం నా మాట మీద నిజంగానే కూర్చుని వెతికినట్టుంది. చాలా రోజులకి జవాబు వచ్చింది. ఎంత చూసినా తప్పేమీ దొరకలేదండీ, ఆయన చాలా బాగా రాశారు అని.